తలగడ వేసే దిక్కు

ఆష్‌బర్న్,
ఫిబ్రవరి 11

వదిన గారికి,

రత్నం నమస్కారాలు. ఫోన్లో మీ మాట నాకు అందడం లేదు. చెవి మిషను పెట్టుకుంటే ఫోను దగ్గర కీచుమంటుంది, తీసేస్తే మీరు లైన్లో ఉన్నారో లేదో తెలియదు. మా వేణు స్పీకర్ పెడతాడు. అప్పుడు ఇల్లంతా వింటుంది, నేను తప్ప. రాసుకోవడమే నయమనిపించింది. నాది ఏడో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

పిల్లలు మేడమీద తమ పడకగదిని మార్పిస్తున్నారు. మీ అమ్మాయికి ఈ మధ్య నిద్ర కొంచెం తక్కువైంది. పడుకునే గదిలో పడుకోవడం తప్ప ఇంకో పని ఉండకూడదని డాక్టరు చెప్పాడట. ఇన్నాళ్ళూ ఆ గదిలోనే రాగిణి ఆఫీసు బల్ల, కంప్యూటర్ తెరలు, టీవీ, నడిచే మిషను, మడత పెట్టని బట్టల బుట్టలు ఉండేవి. అన్నీ కిందికి దించారు. మంచం కూడా తీసేశాక నేను పైకి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. మా ఇంట్లో పడకకంటూ గది ఎప్పుడూ లేదు. ధాన్యం ఇంటికి వస్తే వసారాలో పడుకునేవాళ్ళం, వసారాలోకి జల్లు కొడితే వంటింట్లో పడుకునేవాళ్ళం. ఎక్కడ పక్క వేస్తే అదే పడకగది. ఇంత గది ఒక్క నిద్ర కోసమేనా అని అక్కడే చాలాసేపు ఉండిపోయాను.

గది ఎలా ఉండాలో చెప్పడానికి ఒక అమ్మాయి వస్తోంది. పేరు సాయి ప్రియ. ఇక్కడే పుట్టింది. అదే ఆమె ఉద్యోగమట. మొదటి రోజు పేకముక్కల్లా రంగు కాగితాలు తెచ్చి గోడకు అంటించింది.

"ఆంటీ, ఇవన్నీ వైట్స్. మీకు ఏది కామ్ అనిపిస్తుంది?" అంది.

"అన్నీ తెలుపేగా అమ్మా."

"నో ఆంటీ. మార్నింగ్ చూడండి, మళ్ళీ ఈవెనింగ్ చూడండి. అవే చెప్తాయి."

నేను నవ్వాను. కానీ వదిన గారూ, పొద్దున్నే చూస్తే ఒక ముక్క మజ్జిగలా ఉంది, పక్కది బియ్యప్పిండిలా ఉంది. సాయంత్రానికి మజ్జిగ తెలుపు నీలంగా తిరిగింది, పిండి తెలుపులో పసుపు కలిసింది. గోడ అదే, ముక్కలు అవే. ఇంత వయసు వచ్చాక తెలుపంటే ఏమిటో చూశాను.

బియ్యప్పిండి తెలుపే ఖాయం చేశారు. మీ ఆరోగ్యం జాగ్రత్త.

రత్నం

*

ఫ్రీమాంట్,
ఫిబ్రవరి 24

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. ఎంతోకాలానికి నా పేరు తెలుగులో రాసి ఉన్న కవరు చూశాను. ఇంగ్లీషులో కూడా రాయించారు కాబట్టి చేరింది. తప్పులేమీ లేవు. నీరజ్ తెల్లవారకుండానే రైలుకి పోతాడు, కోడలు కారులో పోతుంది. పగలంతా నేనూ, ఈ ఇంటి గోడలూ. మీరు రాస్తూ ఉండండి.

ముందు ఒక మాట. గది మీవాళ్ళు చేయించుకుంటున్నారు, బాగుంది. మంచం, పరుపు మాత్రం ఆడపిల్లవాళ్ళ వంతు. పెళ్ళికి మేమిచ్చిన పందిరి మంచం మీ ఊళ్ళోనే ఉండిపోయింది. దాని మీద ఇప్పుడు ఏ కందుల బస్తాలు పడుకున్నాయో. అందుకని ఇక్కడ నీరజ్ చేత మళ్ళీ బుక్ చేయించాను. గట్టి కర్ర, తలవైపు ఎత్తుగా పలక ఉంటుంది. ఆ పలకని మరలు పెట్టి గోడకి బిగించాలట, బిగించుకోమనండి. అల్లుడు గారు మొహమాటపడితే నా పేరు చెప్పండి.

తల దక్షిణం గోడకే పెట్టాలి. ఇల్లు కొన్నప్పుడు అల్లుడు గారే ఫోన్లో దిక్కులు చూసి చెప్పారు, నేనే ఆ గోడ ఖాయం చేశాను. ఆ రంగుల అమ్మాయి కిటికీ అందం, దీపాల అందం అని తిప్పబోతే ఒప్పుకోవద్దు. ఎటు తిప్పినా ఉత్తరం వైపు తల రాకూడదు. మీకు నేను చెప్పాలా.

నిద్ర తక్కువంటే ఎలా తక్కువ? పడుకుని దొర్లుతుందా, లేచి తిరుగుతుందా? ఏమన్నా వినిపిస్తోందని అంటోందా? నాతో ఫోన్లో అంతా బాగుందనే అంటుంది. ఊరికే అడుగుతున్నాను.

భ్రమరాంబ

*

ఆష్‌బర్న్,
మార్చి 20

వదిన గారికి,

మంచం చేరింది. మోసిన ఇద్దరూ మెట్ల మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నారు. కందులు కాదు, మీ పాత మంచం మీద మినుములున్నాయి. అబద్ధం చెప్పలేను.

గది పూర్తయింది. ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు, అయినా రాస్తాను. గోడలు తెలుపు. కింద మెత్తటి తివాచీ, గోధుమపొట్టు రంగు. మంచానికి అటూ ఇటూ చిన్న బల్లలు, వాటి మీద దీపాలు. ఆ దీపాల్లో బల్బు కనబడదు, వెలుగు మాత్రం గోడ మీద పడుతుంది. తూర్పు కిటికీకి రెండు వరసల తెరలు. లోపలి తెర పల్చన, బయటిది మందం. మిట్టమధ్యాహ్నం సాయి ప్రియ ఆ మందం తెర లాగింది. పగలు ఆరిపోయింది. బయట మంచు మీద ఎండ కళ్ళలో పొడుస్తున్న వేళ లోపల నా చెయ్యి నాకు కనపడలేదు.

"ఎలా ఉంది ఆంటీ?" అంది చీకట్లో.

"ఇంత చీకటి మా ఊళ్ళో అమావాస్యకి కూడా ఉండదమ్మా."

"దట్స్ ద బెస్ట్ రివ్యూ" అంది. పొగడ్తే అనుకుంటాను.

ఇప్పుడు దాచిన మాట రాస్తాను. మీకు చెప్పొద్దని రాగిణి నా చేత మాట తీసుకుంది. మీరడిగిన తీరు చూశాక దాచడం తప్పనిపించింది.

నిద్ర కొంచెం తక్కువ కాదు. ఈ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ సరైన నిద్ర లేదు. జనవరిలో ఆఫీసు నుంచి వస్తూ స్టీరింగ్ పట్టుకునే కునుకుపట్టింది. కారు రోడ్డు పక్క రెయిలింగుని రాసుకుంటూ పోయి ఆగింది. మనిషికి గోరంత దెబ్బ లేదు. కారు కుడి పక్కంతా రేకు లేచిపోయింది, నేను చూశాను. అప్పటినుంచీ సెలవులో ఉంది. మే నెలాఖరుకి సెలవు అయిపోతుంది. మళ్ళీ ఆ రోడ్డు మీదే కారు నడపాలి. ఈ దేశంలో కారు లేకుండా ఉప్పు పొట్లం కూడా రాదు.

ఆమెకి ఒక చప్పుడు వినిపిస్తుందట. "దూరంగా ఎవరో లారీ ఆపి ఇంజన్ ఆపడం మర్చిపోయినట్టుంటుంది అత్తయ్యా. ఎప్పుడూ పోదు" అంటుంది. వేణుకి వినపడదు. "అది స్ట్రెస్ అమ్మా. రెస్ట్ దొరికితే సెట్ అయిపోతుంది" అంటాడు. ఇక నా సంగతి మీకు తెలుసు. ఇంట్లో ముగ్గురం ఉంటే చప్పుడు ఒక్కరికే ఉంది.

మీ కొత్త మంచం మీద, ఆ కొత్త గదిలో, మంచి నిద్ర పడుతుందని అందరం ఆశపడ్డాం. పొద్దున్నే కిందికి వచ్చింది. కళ్ళు చూసి కాఫీ కలిపి ఇచ్చాను. "గది చాలా బాగుంది అత్తయ్యా" అంది. గ్లాసు కింద పెడుతూ, "చప్పుడు ఎక్కువైంది" అంది.

రత్నం

*

ఫ్రీమాంట్,
ఏప్రిల్ 2

వదిన గారికి,

చప్పుడేనా, మాటలు కూడానా? కనుక్కుని రాయండి. నేను అడిగానని చెప్పకండి.

మా చెల్లెలొకతె ఉండేది. రాగిణి పుట్టకముందే పోయింది. పెళ్ళీడుకి వచ్చాక దానికీ ఒక చప్పుడు వినిపిస్తోందని మొదలైంది. ముందు చప్పుడే. తర్వాత నిద్ర లేకుండా పోయింది. తర్వాత మాటలు. మా నాన్న చూపించని డాక్టరు లేడు, తీసుకెళ్ళని చోటు లేదు. చివరికి ఎవర్నీ గుర్తుపట్టలేదు.

అమ్మాయి ముఖంలో దాని పోలిక ఉంది. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను.

అలాంటిదే అయితే మీరెవరూ కష్టపడొద్దు. నా దగ్గరికి పంపండి. నేను చూసుకుంటాను. అల్లుడు గారికి ఏం చెప్పాలో మీ ఇష్టం.

భ్రమరాంబ

*

ఆష్‌బర్న్,
ఏప్రిల్ 19

వదిన గారికి,

మాటలు లేవు. చప్పుడే. ఆ చప్పుడు ఉంది.

ఎలా తెలిసిందో రాస్తాను. పోయిన శనివారం మధ్యాహ్నం ఆ గదిలో మంచం దుమ్ము తుడుస్తున్నాను. చెవి మిషను చార్జింగులో పెట్టాను. తలవైపు పలక తుడుస్తూ రెండో చెయ్యి దాని మీద ఆన్చాను. అరచేతికి ఏదో తగిలింది. తీసి మళ్ళీ పెట్టాను. పలక వణుకుతోంది. కంటికి కనపడేది కాదు. మా చేలో బోరు మోటారు ఆడుతోందో లేదో నాకు వినపడేది కాదు, చెవులు అప్పటికే తగ్గాయి. గొట్టం మీద చెయ్యి పెట్టి తెలుసుకునేదాన్ని. సరిగ్గా ఆ వణుకే.

పలక బిగించిన గోడ మీద చెయ్యి పెట్టాను, అక్కడా ఉంది. పడమటి గోడ మీద చూశాను, కాస్త ఉంది. ఉత్తరం గోడ మీద పెట్టాను. ఆ గోడ ఊరుకుంది.

వేణుని పిలిచాను. వాడు చెయ్యి పెట్టి, నా చెవి దగ్గర గట్టిగా, "ఫ్రిజ్ అయ్యుంటుంది అమ్మా, హీటర్ అయ్యుంటుంది" అన్నాడు.

"అయితే ఆపు" అన్నాను.

కిందికి వెళ్ళి ఇంటి కరెంటంతా ఆపేశాడు. దీపాలు పోయాయి, ఫ్రిజ్ ఆగిపోయింది. పైకి వచ్చాడు. "ఇప్పుడు నుదురు పెట్టు" అన్నాను. గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు. ఇంట్లో కరెంటు లేదు, వదిన గారూ, గోడ మాత్రం ఆగలేదు. వాడు అలా ఎంతసేపు ఉన్నాడో. ఇటు తిరిగినప్పుడు వాడి ముఖం నేను కన్నప్పటినుంచీ చూసిన ముఖం కాదు.

రాగిణి గుమ్మంలో ఉంది. వాడు ఆమె దగ్గరికి వెళ్ళి ఏదో అన్నాడు. నాకు మిషను లేదు. ఆమె పెదవులు మాత్రం చూశాను. "నాకు పిచ్చి కాదన్నమాట" అంది. నేను దుమ్ముగుడ్డ తీసుకుని కిందికి వచ్చేశాను.

మర్నాడు వేణు నన్ను కారులో ఎక్కించుకుని చూపించాడు. మా ఇంటికి దక్షిణంగా, చెట్ల వరస దాటితే, వాడి ఆఫీసు. అలాంటి కట్టడాలు రోడ్డుకి అటూ ఇటూ కనుచూపు మేర ఉన్నాయి. మా ఊరు మొత్తాన్ని ఒక్కదాంట్లో పెట్టొచ్చు. దేనికీ కిటికీ లేదు. పైన వరసగా పెద్ద పెద్ద ఫ్యాన్లు. అన్ని దేశాల వాళ్ళు ఫోన్లలో పంపుకునేవి, దాచుకునేవి ఆ గోడల వెనక కంప్యూటర్లలో ఉంటాయట. మనం పంపుకున్న పెళ్ళి ఫోటోలు కూడా ఉండొచ్చన్నాడు. కారు అద్దం దించి, మెడ వెనక్కి వంచి చూశాను. కొండని కూడా ఎప్పుడూ అలా చూడలేదు, కొండ మనం పెట్టింది కాదుగా.

"లోపల రాత్రికి ఎవరు పడుకుంటారు?" అని అడిగాను.

"ఎవరూ పడుకోరమ్మా. అక్కడ ఏదీ పడుకోదు. అవి వేడెక్కకుండా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి."

కారు వెనక్కి తిప్పుతూ, "ఇల్లు ఆఫీస్‌కి దగ్గర అని నేనే కొన్నాను" అన్నాడు. "అందరికీ వినపడదట అమ్మా ఈ ఫ్యాన్ల మోత. కొందరికే. ఆఫీసులో రోజంతా అందులోనే ఉండి నా చెవి అలవాటుపడిపోయింది." ఫ్యాన్లు ఆపమని అడిగేందుకు లేదు. మేం తినే అన్నం వాటిదే.

ఇప్పుడు మిమ్మల్ని అడగాల్సిన సంగతి. దక్షిణం గోడ వణుకుతుంది. ఆ గోడకే మంచం బిగించి ఉంది, అటే పిల్ల తల పెట్టుకుంటోంది. తూర్పున నిలువెత్తు కిటికీ, పడమట బాత్రూం తలుపు. మిగిలింది ఉత్తరం గోడ ఒక్కటే. సాయి ప్రియని అడిగితే, "ఆంటీ, నార్త్ వాల్ సూపర్. బట్టల బీరువాలన్నీ సౌత్ వాల్‌కి పెట్టేద్దాం, సౌండ్ తింటాయి" అంది. ఆ పిల్లకి ఉత్తరం అంటే ఒక గోడ. మీకూ నాకూ అలా కాదు. మా ఆయన్ని చివరిసారి ఎటు తల పెట్టి పడుకోబెట్టారో నేను మర్చిపోలేదు. బతికున్న పిల్లని అటు పడుకోబెట్టమని నా నోటితో అనలేను. వేణు, రాగిణి ఇద్దరూ మీ మాట కోసం చూస్తున్నారు. ఆ గోడ మీరు చెప్పింది. మీరు చెబితేనే కదులుతుంది.

మీ చెల్లెలి సంగతి. అది మాకు పెళ్ళిచూపులకి ముందే తెలుసు. మా ఆయన మిరపకాయల బేరానికి మీ వైపు వచ్చేవారు, విని వచ్చి చెప్పారు. అమ్మాయిని చూశాక మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మీరు చెప్పలేదని నాకేమీ లేదు. తెలుసని మేం చెప్పలేదని మీరూ ఏమీ అనుకోవద్దు. పిల్లని పంపను. ఇది దాని ఇల్లు.

రత్నం

*

ఫ్రీమాంట్,
ఏప్రిల్ 30

వదిన గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివి లోపల పెట్టాను. జవాబు వెంటనే రాయలేకపోయాను.

మొదట కాదనే రాశాను. ఆ కాగితం చింపేశాను. ఇల్లు మారమని రాద్దామనుకున్నాను. ఇక్కడివాళ్ళకి ఇల్లు మారడం పొయ్యి మార్చినంత తేలిక కాదని నీరజ్‌ని చూస్తే తెలుస్తూనే ఉంది. అదీ చింపేశాను.

తర్వాత ఏం చేశానో మీకే చెబుతున్నాను. నా గదిలో తలగడ తీసి ఉత్తరం వైపు వేసుకున్నాను. ముందు నేను పడుకుని చూద్దామని. పోయేదేదో ఉంటే నాతో పోతుందని. పడుకోవడానికి ఒళ్ళు ఒప్పుకోలేదు, రెండుసార్లు లేచి కూర్చున్నాను. దేవుడి పేరు కూడా నోటికి రాలేదు. ఎప్పుడు కళ్ళు మూతపడ్డాయో తెలియదు.

పొద్దున్నే నీరజ్ తలుపు తీసి చూసి, "అమ్మా, ఏంటి రివర్స్‌లో పడుకున్నావ్?" అన్నాడు.

"ఊరికే. ఫ్యాన్ గాలి తగలడం లేదు."

"ఫ్యాన్ ఆన్‌లోనే లేదుగా."

"నీకు రైలు టైమవలేదా?" అన్నాను.

లేచాను, వదిన గారూ. కాఫీ తాగాను. మళ్ళీ రాత్రి అటే పడుకున్నాను, మళ్ళీ లేచాను. ఇప్పుడు వారంగా అటే పడుకుంటున్నాను.

మంచం తిప్పేయండి. నా మాటగా చెప్పండి. ఆ మరలు పీకి, ఉత్తరం గోడకి బిగించకుండా కొంచెం ఎడంగా వేయించండి. మంచి రోజు చూడమని కూడా అనను.

ఇంకొక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. మేం చిన్నప్పుడు ఉన్న ఇంటి వెనక నూనె మిల్లు ఉండేది. మా చెల్లెలి మంచం ఆ వెనక గోడ వైపే ఉండేది. ఆ మిల్లు నాకు ఇన్నేళ్ళూ గుర్తు రాలేదు. మీ ఉత్తరం చదివాక గుర్తొచ్చింది. దానికి ఉన్న జబ్బు జబ్బే, అందులో అనుమానం లేదు. మొదటి చప్పుడు జబ్బుదా, మిల్లుదా అన్నదే ఇప్పుడు నాకు తెలియకుండా పోయింది. అప్పుడు ఆ గోడ మీద ఎవరూ చెయ్యి పెట్టి చూడలేదు.

భ్రమరాంబ

*

ఆష్‌బర్న్,
మే 24

వదిన గారికి,

మంచం తిప్పారు. మీ ఉత్తరం రాగిణికే ఇచ్చాను. నీరజ్ ఫ్యాన్ మాట దగ్గర నవ్వింది, చివరి ముక్క దగ్గర కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. తర్వాత తనే వెళ్ళి వేణుతో, "తిప్పుదాం" అంది.

బీరువాలన్నీ దక్షిణం గోడకి చేర్చారు. వాటి వెనక దళసరి బొంత లాంటిది ఏదో వేణు పరిచి బిగించాడు. మంచం ఉత్తరం గోడకి బెత్తెడు ఎడంగా వేశాం. సాయి ప్రియ గుమ్మంలో నిలబడి చూసి, ముందుకన్నా ఇప్పుడే గది అందంగా ఉందంది. నిజమే. మంచం మీద కూర్చుంటే ఎడమ పక్కన కిటికీ, దాంట్లో చెట్లు కనిపిస్తాయి.

చప్పుడు పూర్తిగా పోలేదు. మీకు అబద్ధం రాయను. తగ్గిందంటుంది. "లారీ వీధి చివరికి వెళ్ళింది అత్తయ్యా" అంది మొదటి వారం. నిద్ర ఒక్కసారిగా రాలేదు. గంట, రెండు గంటలు. ఒకరోజు బాగా, మర్నాడు అసలు లేదు. సెలవు దగ్గర పడుతోంది. ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తడం లేదు. వేణు మాత్రం ఫోన్లో కొత్త ఇళ్ళు చూడటం మొదలుపెట్టాడు.

ఇవాళ ఆదివారం. పొద్దున్నే వంటింట్లోకి వస్తే వేణు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పైకి వెళ్ళబోతే అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"పడుకుంది" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"నిన్న రాత్రి పడుకున్నదే. నేను దిగేటప్పుడు కూడా కదల్లేదు."

ఇంటి గంట మోగకుండా వైరు తీసేశాడట. కుక్కరు పెట్టొద్దన్నాడు. కాఫీ కూడా గిన్నెకి గరిట తగలకుండా కలిపి ఇద్దరం తాగాం. సాయి ప్రియ గది ఫోటోలు తీసుకోవడానికి వస్తానన్నది ఇవాళే. బయటే ఆపి సంగతి చెప్పాడు. కెమెరా సంచీ భుజాన వేసుకుని వచ్చిన పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి మా పక్కన మెట్టు మీద కూర్చుంది. నా చెవి దగ్గరికి వంగి, "ఆంటీ, ఒక్కసారి చూడొచ్చా?" అంది.

ఇద్దరం పైకి వెళ్ళాం. తలుపు ఓరగా ఉంది. మందం తెర కొంచెం తొలగి ఒక సన్నటి వెలుగు తివాచీ మీద పడుతోంది, మంచం దాకా రాలేదు. మీ అమ్మాయి బోర్లా పడుకుని ఉంది. ఒక చెయ్యి మంచం దిగి వేలాడుతోంది. నోరు తెరుచుకుని ఉంది. తలగడ మీద చొంగ కారి తడిసింది. జుట్టంతా ముఖం మీదే ఉంది, ఊపిరికి ఒక పాయ లేచి పడుతోంది. నేను పొలాలు పండటం చూశాను, పిల్లలు పుట్టడం చూశాను. ఒక మనిషి నిద్రపోవడం చూస్తూ అలా నిలబడిపోవడం ఎప్పుడూ లేదు. ఊపిరి గట్టిగా పీల్చడానికి కూడా భయమేసింది. సాయి ప్రియ సంచీ తెరవలేదు. చూసి చూసి, కళ్ళు తుడుచుకుని, చెప్పులు అలాగే పట్టుకుని దిగి వెళ్ళిపోయింది.

వేణు మెట్ల మీదే ఉన్నాడు. ఎండ వంటింటి గచ్చు దాటి గోడెక్కింది. మీకు రాద్దామని అక్కడే, వాడి పక్కన కూర్చుని ఈ కాగితం మొదలుపెట్టాను.

ఇప్పుడే పైన తలుపు చప్పుడైందని వేణు నా మోచెయ్యి పట్టుకున్నాడు. తలెత్తితే రాగిణి మెట్ల పైన నిలబడి ఉంది. ఒక చెంప మీద దుప్పటి ముడతలు అచ్చు పడ్డాయి. ఎక్కడున్నదో తెలియనట్టు మా ఇద్దర్నీ చూసింది.

"ఆకలేస్తోంది అత్తయ్యా" అంది.

నేను వచ్చినప్పటినుంచీ ఆ పిల్ల నోట ఆ మాట వినడం ఇదే మొదలు. కుక్కరు పెట్టాలి. ఉంటాను.

రత్నం